కీచుమనే ముక్క

పొద్దున్న ఆరింటికి తీగ బిగిస్తాను.
ఇటొక కొయ్యపిడి, అటొక కొయ్యపిడి,
నడుమ నలభై పౌన్ల చెడ్డార్ దిమ్మ.
ఒక్క ఊపున లాగాలి,
మధ్యలో ఆలోచిస్తే వంకర పోతుంది.

మానిటోవాక్‌లో మా సూపర్‌మార్కెట్,
చీజు వరుస పొడవు ఇరవై రెండు అంగలు.
రాత్రిళ్ళు నేల తుడుస్తూ లెక్కపెట్టాను.
నూట పద్దెనిమిది రకాలని
మేనేజరు బోర్డు రాయించాడు.
సంచులు విప్పి చూస్తే
అందులో ముప్పై, ఒకే తొట్టిలో పుట్టిన కవలలు:
తురిమింది, ఇంకాస్త సన్నగా తురిమింది,
పుల్లలుగా చీల్చింది,
నారింజ చొక్కా తొడిగింది, తొడగనిది.
ఆ రంగు ఆవుది కాదు, జాఫరా గింజది.
అడిగినవాళ్ళకు చెబుతాను.
అడగరు.

తురుముకి తెల్లపొడి చల్లుతారు,
అలిగిన తోడికోడళ్ళలా
పోగుకి పోగు తగలకుండా.
పలకలకైతే ఒక్కోదానికీ ఒక్కో వానకోటు.
రుచి సంగతి వదిలేయండి,
పెనం మీద రొట్టెల మధ్య కరగడంలో మాత్రం
దాన్ని కొట్టేది లేదు.
ఉన్నమాట చెప్పాలి కదా.

చివర గాజుపెట్టెలో దొడ్డింటివాళ్ళు.
నీలినరాల ముసలిది,
ఒళ్ళంతా బూడిద రాసుకున్న మేకపాలది,
ముట్టుకుంటే జారిపోయే మెత్తటిది.
వాసనకి పిల్లలు ముక్కు మూసుకుంటారు,
ధరకి తల్లులు కళ్ళు.
గడువు రెండ్రోజుల్లో తీరుతుందనగా
సగం ధర చీటీ నేనే అతికిస్తాను,
నేనే కొనుక్కుంటాను.
సరిగ్గా అప్పటికే అది పండుతుంది,
ఈ సంగతి మేనేజరుకి తెలియదు.

శుక్రవారాలు నార్బర్ట్ వాన్‌డెహై వస్తాడు.
కీల్ దారిలో చీజు ఫ్యాక్టరీలో నలభై ఒక్కేళ్ళు
తొట్టి కలిపిన మనిషి.
ఇప్పుడక్కడ చలికాలం పడవలు దాస్తున్నారు.
బోర్డు వైపు చూడడు.
అచ్చులో పడని పచ్చి ముక్క ఒకటి ఇమ్మంటాడు,
కుడిచెవిలోంచి మిషను తీసి
చొక్కాజేబులో వేసుకుంటాడు,
కళ్ళు మూసి కొరుకుతాడు.

తాజాదైతే పంటి కింద కీచుమంటుంది,
తడి అద్దం మీద వేలు రాసినట్టు.
ఒకపూట గడిస్తే గొంతు తగ్గుతుంది,
రెండోనాటికి మూగది.
"దవడ ఎముకకి చెవుడు రాదమ్మాయ్" అంటాడు.
కాసేపు నములుతాడు.
"మంగళవారంది."
సంచి తిప్పి చూస్తాను. మంగళవారందే.
మిషను పెట్టుకుని వెళ్ళిపోతాడు,
ఏమీ కొనకుండా.
"ఆ ముసలాయనకి మన కౌంటరు ధర్మసత్రమా?"
అని మేనేజరు రెండుసార్లడిగాడు.
రెండుసార్లూ నేను తీగ బిగిస్తూ ఉన్నాను.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం
మంచు పడి దారులు మూసుకున్నాయి.
రాత్రి రావలసిన వ్యాను పదకొండింటికి వచ్చింది,
పొద్దుటి తొట్టిలోని సరుకుతో.
తొమ్మిది నుంచీ నార్బర్ట్
తోపుడుబళ్ళ పక్క బెంచీ మీద కూర్చునే ఉన్నాడు,
బూట్ల కింద నీళ్ళ మడుగు.
సంచి ఇంకా గోరువెచ్చగా ఉంది,
లోపలివైపు ఆవిరి.
కత్తెరతో మూల కత్తిరించి ముందుకు జరిపాను.

అతని మిషను బయటికొచ్చింది.
కొరికాడు.

కౌంటరుకి ఇవతలున్న నాకే వినిపించింది.

ఏమీ అనలేదు.
ఇంకోటి తీసుకున్నాడు, మరోటి,
వెనక తురుముసంచితో నిలబడ్డ కుర్రాడి చేతిలో ఒకటి పెట్టి
చెవులు మూసుకొని తినమని సైగ చేశాడు.
కుర్రాడు తిన్నాడు, నవ్వాడు,
తురుముసంచి మాత్రం కొనుక్కునే వెళ్ళాడు.
నార్బర్ట్ రెండు సంచులు తీసుకుని
చిల్లర అక్కర్లేదన్నాడు, మొదటిసారి.

తర్వాత చూస్తే గాజు మీద మిషను,
చిక్కుడుగింజంత.
ఏప్రాన్‌తోనే మంచులోకి పరుగెత్తాను.
కారు కదల్లేదు, ఇంజను వేయలేదు.
అద్దాలెత్తి, ఒళ్ళో సంచితో
కళ్ళు మూసుకుని నములుతున్నాడు.
అద్దం మీద కొట్టాను.
వినిపించలేదు.
మళ్ళీ కొట్టబోయి, చెయ్యి దించేసి,
చలికి పాదాలు మార్చుకుంటూ
అక్కడే నిలబడ్డాను.